అడక్కుండా తవ్విన చెరువు

జులై 3

ఇవాళ పాయకరావుపేట నుంచి వచ్చాను. తునిలో ఆసుపత్రి దగ్గరని మా అమ్మాయి దుర్గ పురుడు వాళ్లింట్లోనే పోయాల్సి వచ్చింది. దుర్గ బాగుంది, మనవరాలు బాగుంది, అల్లుడు ధర్మతేజ కూడా పిల్లని తలకిందులు కాకుండా ఎత్తుకోవడం నేర్చుకున్నాడు. అన్నీ బాగున్నాయనుకుంటూ నర్సీపట్నం కాంప్లెక్సులో బస్సు దిగి, కృష్ణదేవిపేట వెళ్లే షేర్ ఆటో ఎక్కాను.

"జీడితోట కాడ ఆపు బాబూ" అన్నాను.

"సేపల సెరువు కాడా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

"సేపల సెరువేటి? జీడితోట."

"ఇప్పుడందరూ సేపల సెరువనే అంటన్నారమ్మా."

దిగాను. తోట లేదు. మా అమ్మ నాకు పసుపుకుంకుమ కింద ఇచ్చిన అర ఎకరంలో పదకొండు జీడిమామిడి చెట్లుండాలి. చెట్ల బదులు ఒక గొయ్యి ఉంది. గొయ్యి అడుగున మోకాళ్ల లోతు బురదలో, లుంగీ ఎగ్గట్టి, మా ఆయన నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు.

"వరాలూ! ఎలాగుంది?"

ఎలా ఉందని అడుగుతున్నాడు. తవ్వనా అని అడగలేదు.

"బాగుంది" అన్నాను.

అదే ఆఖరి మాట. ఇక ఆయనతో మాట్లాడను. వారం రోజులు చూస్తాను. తప్పయిపోయిందని ఈలోగా ఆయన తెలుసుకుంటే సరి. మాట్లాడ్డం మానేస్తే మాటలన్నీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇందులో రాస్తున్నాను.

జులై 5

మాట్లాడ్డం లేదు. ఆయన ఇంకా గమనించలేదు.

జులై 8

అప్పయమ్మ వచ్చింది. పక్కింటావిడ. నర్సీపట్నంలో చేపలు కొని, బుట్ట నెత్తిన పెట్టుకుని కొయ్యూరు సంత దాకా వెళ్లి అమ్ముకొస్తుంది. చేప ధర నుంచి చుట్టరికాల దాకా ఆవిడకి తెలియంది లేదు.

"మీ ఆయన మా ఇంటికొచ్చి ఒకటే మురిసిపోడం. మా వరాలు సెరువు సూసి ఒక్క మాటనలేదు, దానికీ నచ్చీసిందీ అని."

"నువ్వేమన్నావు?"

"ఒక్క మాటనలేదా, అయితే నువ్వయిపోనావు సింహాచలం అన్నాను."

సాయంత్రం ఆయన వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నేను వంకాయలు తరుగుతున్నాను.

"వరాలూ, కోపమేటి?"

తరుగుతూనే ఉన్నాను.

"ఎందుకో సెప్పు."

ఎందుకో నేను చెప్పాలట! పదకొండు చెట్లు కొట్టించి, ఆ కలప అమ్మి పొక్లెయిన్ వాడికిచ్చి, ఎందుకో చెప్పమంటున్నాడు. పైగా కాపు దిగేదాకా ఆగి కొట్టించాడట. అదొక తెలివి. వంకాయలు మరీ సన్నగా తరిగేశాను, కూర మెత్తబడిపోయింది.

జులై 12

వారం దాటింది. ఇంకో వారం ఇస్తున్నాను.

జులై 21

చేపపిల్లలు వచ్చాయి. గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో, ఆటోలో. నేను చూడ్డానికి వెళ్లలేదు. దండెం ఆ పక్కన ఉంది కాబట్టి, ఆరిన బట్టలు తియ్యడానికి వెళ్లాను. బట్టలు ఆరలేదు. అందుకని కాసేపు నిలబడాల్సి వచ్చింది.

సంచుల్ని విప్పకుండా నీళ్లలో తేలేశాడు. లోపలి నీళ్లు, బయటి నీళ్లు ఒక్క వేడికి రావాలట. తర్వాత ఒక్కొక్క సంచీ మూతి విప్పి, వంచి, లోపలికి చూస్తూ "ఎల్లండమ్మా, ఎల్లండి, బేగి ఎల్లండి" అన్నాడు. దుర్గని మొదటిసారి బడికి పంపినప్పుడు కూడా అంత మెత్తగా మాట్లాడలేదు.

వేలెడంత ఉన్నాయి. బొచ్చెలూ, శీలావతులూ, కొన్ని గడ్డిచేపలూ. నాకేం సంబంధం లేదు.

జులై 27

ఆయన షాపుకి వెళ్లాక గట్టు మీద కూర్చున్నాను. మూడో చెట్టు ఎక్కడుండేదో గుర్తుపట్టాలని చూశాను. దాని కొమ్మ ఒకటి నేలకి తాకేంత వంగి ఉండేది. అమ్మ దాని మీద కూర్చుని పళ్ల నుంచి గింజలు వేరుచేసేది, చేతులు నల్లబడిపోయేవి. ఇప్పుడక్కడ నీళ్లు. నీళ్లలో ఆనవాళ్లేముంటాయి.

ఆయన మీద జాలి కూడా ఉంది, అది వేరే సంగతి. నర్సీపట్నంలో ఆయన మోటారు వైండింగ్ షాపుకి రోజూ నలుగురు వచ్చేవారు. ఇప్పుడు మోటారు కాలితే పారేసి కొత్తది కొంటున్నారు. రోజంతా ఖాళీగా కూర్చుని ఫోనులో చేపల వీడియోలు చూశాడు. ఏదో ఒకటి చెయ్యాలి నిజమే. అడిగి చెయ్యొచ్చు.

ఆగస్టు 6

మాట్లాడకుండా సంసారం చెయ్యడం అనుకున్నంత సులువు కాదు. గ్యాసు అయిపోతే ఎవరికి చెప్పను? ఇవాళ గుమ్మంలో పిల్లి కూర్చుని ఉంటే దానికి చెప్పాను.

"పిల్లీ, గ్యాసయిపోయింది."

ఆయన మంచం మీంచి లేవకుండా, "పిల్లీ, సాయంత్రం బుక్ సేస్తానని సెప్పు" అన్నాడు.

ఆ పిల్లి మాది కాదు. చేపల వాసనకి చేరింది. ఇప్పుడు ఇంటి విషయాలన్నీ దానికే ముందు తెలుస్తున్నాయి.

ఆగస్టు 30

ఇవాళ అప్పయమ్మ విసురువల వేసి కొన్ని చేపల్ని పైకి తీసింది. తలకాయలు పెద్దవి, ఒంట్లో ఏమీ లేదు. ఇన్నేళ్లుగా అంగన్వాడీలో పిల్లల్ని తూస్తున్నాను. తిండి చాలని ఒళ్లు ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆయన మేత వేసే పద్ధతి చూస్తున్నాను కదా. షాపు నుంచి వచ్చిన వేళకి, గుర్తొస్తే, ఒక తట్ట తవుడూ వేరుశనగ చెక్కా కలిపి చల్లుతాడు. ఒకరోజు సాయంత్రం, ఒకరోజు చీకటి పడ్డాక. పిల్లలకి ఇలా అన్నం పెడితే నన్ను ఉద్యోగంలోంచి తీసేసేవారు.

సెప్టెంబరు 2

పొద్దున్నే ఆయన నిద్ర లేవక ముందు ఒక తట్ట మేత వేశాను. ఇది ఆయనకి సాయం చెయ్యడం కాదు. ఆకలితో ఉన్న ప్రాణి ఎదురుగా ఉంటే పెట్టడం మనిషి ధర్మం. అంతే.

సెప్టెంబరు 3

వేశాను.

సెప్టెంబరు 9

నేను గట్టు మీదకి రాగానే ఆ మూలకి వచ్చేస్తున్నాయి. అడుగుల చప్పుడు గుర్తుపడుతున్నాయనుకుంటా. ఆయన వెళ్తే అలా రావు. ఒకసారి కిటికీలోంచి చూశాను.

సెప్టెంబరు 19

ఈరోజు ఉద్యోగం పోయేదే.

కేంద్రంలో పిల్లలు పడుకున్నారు. అప్పయమ్మ సంత నుంచి తిరిగొస్తూ వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఇద్దరం మాట్లాడుకుంటున్నాం. మా సూపర్‌వైజరు లక్ష్మీదేవి గారు తనిఖీకి వచ్చి గోడ పక్కన చెప్పులు విప్పుతున్నట్టు మాకు తెలియదు.

"బొచ్చె పర్లేదే. శీలావతి మాత్రం ఒళ్లు సెయ్యట్లేదు. రెండు నెల్లయింది, నా అరసేతంత లేదు" అన్నాను నేను.

"ఏటి పెడతన్నావు?" అంది అప్పయమ్మ.

"పొద్దున్నే తవుడు పెడతన్నాను."

"ఉత్త తవుడేనా? చెక్క కలపు. అయినా శీలావతి నడిమి నీళ్లలో తిరుగుతాది గదా, పైనున్నోళ్లు తినీసి ఆటికి మిగల్నివ్వరు."

లక్ష్మీదేవి గారు లోపలికి వచ్చారు. ముఖంలో రక్తం లేదు.

"ఎవరండీ ఈ శీలావతి? రెండు నెలల పిల్లకి తవుడు పెడుతున్నారా మీరు?"

నేను నోరు తెరిచేలోపే అప్పయమ్మ లేచి నిలబడి ఎంతో వినయంగా చెప్పింది: "ఒక్క పిల్ల కాదండీ. వందలున్నాయి. అన్నిటికీ తవుడేనండి."

లక్ష్మీదేవి గారు కుర్చీలో కూలబడ్డారు. ఈ మాటలకి లేచిన ఒక చిన్నపిల్ల "టీచరమ్మ సేప!" అని అరిచింది. మొత్తం విషయం చెప్పేసరికి గంట పట్టింది. నమ్మకం కలగక ఆవిడ చెరువు దాకా వచ్చి శీలావతిని స్వయంగా చూశారు. చూసి, "పాపం, చిక్కిపోయింది నిజమే" అన్నారు. వెళ్తూ వెళ్తూ, ఎదిగాక ఒకటి ఉంచమన్నారు.

అక్టోబరు 4

చేపలు ఒళ్లు చేశాయి. అప్పయమ్మ వలేసి చూపించింది. వీపులు గుండ్రంగా ఉన్నాయి.

ఆయన ఆనందానికి హద్దుల్లేవు. ఇవాళ కొయ్యూరు నుంచి సోములు అనే ఆయన వచ్చారు. వాళ్ల ఊళ్లో వాగుకి అడ్డంగా కట్టిన చెరువులో ఊరంతా కలిసి చేపలు వెయ్యాలనుకుంటున్నారట. మా ఆయన వీధరుగు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"రహస్యమేటంటే సోములుగారూ, తక్కువ పెట్టాల. రోజుకి ఒక్క తట్ట, అంతే. సేపకి ఆకలెయ్యాల. ఆకలేస్తే అదే బలం."

లోపల నేను పళ్లు కొరుక్కున్నాను. ఆ సోములు గారు కొండ మీది తన ఊరికి వెళ్లి ఊరందరి చేపల్నీ పస్తు పెట్టేలా ఉన్నారు. మంచినీళ్లు తెచ్చిస్తూ పిల్లితో అన్నాను.

"పిల్లీ, రెండు పూటలా పెట్టుకోమను. వేళకి పెట్టుకోమను."

సోములు గారు గ్లాసు చేత్తో పట్టుకుని పిల్లిని చాలాసేపు చూశారు. "దీనికి సేపల గురించి బాగా తెలుసేటండీ?" అని అడిగారు.

"మా కంటే తెలుసండీ" అన్నాడు మా ఆయన, నవ్వకుండా.

నాకు నవ్వొచ్చింది. వంటింట్లోకి వెళ్లి నవ్వాను. మాట్లాడనన్నాను కానీ నవ్వనని ఎప్పుడూ అనలేదు.

అక్టోబరు 15

ముసురు. అల్పపీడనమంటున్నారు. ఎండ మొహం చూసి చాలా రోజులైంది. చెరువు నీళ్లు పాలకూర పప్పులా చిక్కగా పచ్చగా ఉన్నాయి. పచ్చగా ఉంటే మంచిదేనని ఎక్కడో విన్నాను. మేత వేశాను.

అక్టోబరు 17

ఇవాళ్టి సంగతి ఇవాళే రాస్తాను.

పొద్దున్న ఆయన మొదటి బస్సుకి తుని వెళ్లాడు, ఎవరిదో ఆయిల్ ఇంజనుకి సామాన్లు తేవడానికి. నేను మేత తట్ట పట్టుకుని గట్టు మీదకి వెళ్లేసరికి చెరువంతా నోళ్లే. అన్ని చేపలూ పైకి తేలి, నోళ్లు తెరిచి, గాలి మింగుతున్నాయి. నన్ను చూసి రాలేదు. ఎక్కడివక్కడే నోరు తెరవడం, మూయడం. కొన్ని పక్కకి ఒరుగుతున్నాయి.

మేత తట్ట పక్కన పడేశాను. ఫోను తీశాను. ఆయనకి చేశాను.

"హలో" అన్నాడు. ఆయనతో మాట్లాడి మూడున్నర నెలలయింది. మొదట ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు.

"హలో! ఎవరు? వరాలూ?"

"పిల్లీ" అన్నాను. "సేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తన్నాయి."

అవతల ఆయన గొంతు మారిపోయింది. "పిల్లీ, బేగి మోటారేసి నీళ్లు ఎగజిమ్మమను! నీళ్లలో గాలి లేదు!"

"పిల్లీ, కరెంటు లేదు!"

"పిల్లీ, అయితే దిగి నీళ్లు కొట్టమను! బిందెల్తో, తట్టల్తో, దేంతో అయినా కొట్టమను, నీళ్లు పైకి లేవాల! నానొచ్చీస్తన్నాను!"

పిల్లి అప్పటికి ఇంట్లో పొయ్యి పక్కన నిద్రపోతోంది.

చీర దోపుకుని దిగాను. నడుం దాకా నీళ్లు, కింద బురద. ఇత్తడి బిందె ముంచడం, ఎత్తి పొయ్యడం. గొంతు చించుకుని అప్పయమ్మని పిలిచాను. ఆవిడ సంతకి బయల్దేరినదల్లా బుట్ట గట్టు మీద దింపి, "ఓలమ్మో, ఓలమ్మో" అంటూ కంచాలు తీసుకుని దిగింది. రోడ్డు మీద షేర్ ఆటో ఆగింది. ఎవరో మునిగిపోతున్నారనుకుని అందులోని వాళ్లు పరుగెత్తుకొచ్చారు. సంగతి తెలిశాక నలుగురు దిగారు, మిగిలిన వాళ్లు గట్టు మీంచి సలహాలిచ్చారు. కృష్ణదేవిపేటలో పెళ్లిచూపులకి వెళ్తున్న ఒకాయన తెల్ల చొక్కా విప్పి మడిచి అప్పయమ్మ బుట్ట మీద పెట్టి మరీ దిగాడు. పాపం, ఆ బుట్ట చేపల బుట్టని ఆయనకి తెలియదు.

చేతులు పడిపోయే దాకా కొట్టాం. అప్పుడు ఆయన వచ్చాడు, తునిలో ఒక ఆటోని బతిమాలి, దారిలో షాపు దగ్గర ఆగి ఆయిల్ ఇంజనుని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని. అది మొదట స్టార్టు కాలేదు. ఊళ్లో అందరి మోటార్లూ బాగుచేసిన మనిషి, సొంత చెరువు దగ్గర తాడు లాగి లాగి కన్నీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత ఒక్కసారి పొగ కక్కి పలికింది. గొట్టంలోంచి నీళ్లు ఆకాశానికి లేచి పడ్డాయి. చేపలు ఒక్కొక్కటే ఆ జల్లు కిందకి చేరాయి, మెల్లగా లోపలికి దిగిపోయాయి. పెద్ద బొచ్చెలు కొన్ని మాత్రం దిగలేదు. తెల్లటి పొట్టలతో తేలాయి.

ఆయన నీళ్లు దోసిట్లోకి తీసుకుని చూశాడు.

"ఇంత పచ్చగా ఎందుకయింది? రోజుకి ఒక్క తట్టే గదా ఏస్తన్నాను!"

"నానూ ఒక్క తట్టే ఏస్తన్నాను!" అన్నాను.

మధ్యలో పిల్లి లేదు. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"నువ్వూ ఏస్తన్నావా?"

"ఆకలితో సచ్చిపోతంటే సూస్తా కూసోమంటారా?"

"నాకు సెప్పాలి గదే! తిన్నవి తినగా మిగిలింది అడుగున కుళ్లిపోయి నీరు పాడయింది! నన్నడిగే ఏసేవా?"

"ఏటి? అడగాలా? మీరడిగేరా? నా సెట్లు కొట్టినప్పుడు నన్నడిగేవా? మాయమ్మ ఇచ్చిన సెట్లు! నేను పురుడు పోసి వచ్చేసరికి గొయ్యి తవ్వి, అందులో నిలబడి ఎలాగుంది అంటావా నువ్వు?"

ఇరవై ఏడేళ్లలో ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. మీరు అన్న మాట ఎక్కడ జారి నీళ్లలో పడిందో తెలియదు.

"అడిగితే నువ్వు వద్దంటావు గదేటి!" అన్నాడు.

"అనేదాన్నే!"

"అందుకే అడగలేదు!"

అప్పయమ్మ తల కొట్టుకుంది. "సింహాచలం, అక్కడితో ఆపీరా నాయనా" అంది.

కానీ ఆయన అక్కడే ఆగిపోయాడు, నీళ్లలో, గొట్టం పట్టుకుని. తనన్న మాటని తనే మళ్లీ విన్నట్టున్నాడు. దూరం నుంచి వస్తున్న బస్సు బోర్డుని కూడబలుక్కుని చదివినట్టు మెల్లగా అన్నాడు: "వద్దంటావని తెలిసే... నువ్వు లేనప్పుడు సూసి... నీ సెట్లు..."

"తప్పే వరాలూ" అన్నాడు. "పెద్ద తప్పే."

నేను ఏడ్చాను. ముఖమంతా చెరువు నీళ్లే కాబట్టి ఎవరికీ తెలియలేదు. అప్పయమ్మకి తెలిసింది. ఆవిడ వెంటనే గట్టిగా, "ఇప్పుడే పోయినియ్యి కదా, పులుసుకి పనికొస్తాయి. ఎవరికేటి కావాలో సెప్పండి" అని అందరినీ అటు తిప్పేసింది.

పెళ్లిచూపులాయన రెండు బొచ్చెలు పట్టుకెళ్లాడు. ఉత్త చేతులతో ఎలా వెళ్తాననుకుంటున్నానండీ, మంచిదయింది అన్నాడు.

మేం కూడా పులుసు తిన్నాం, కొంచెం దెబ్బలాడుకుంటూ. నువ్వు మాత్రం నన్నడిగే మేత ఏసేవా అన్న ప్రశ్నకి నేనింకా జవాబు చెప్పలేదు. అది రేపు ఆలోచిస్తాను. చాలా అలిసిపోయాను.

అక్టోబరు 18

మాట్లాడుకుంటున్నాం.

నవంబరు 10

ఇది మరీ ఎక్కువగా ఉంది.

"వరాలూ, ఇయ్యాల మేత ఏసీమంటావా?" సరే. "సెరువులో సున్నం జల్లమంటావా?" సరే. "నీలం సొక్కా ఏసుకోనా, గళ్లదా?" "షాపుకి సైకిలు మీద ఎల్లనా, బండి మీద ఎల్లనా?" నిన్న నేను పిల్లలకి గుడ్లు పెడుతుంటే కేంద్రానికి ఫోను చేసి, తలకి నూనె రాసుకోమంటావా అని అడిగాడు. అడగడం ఎప్పుడూ అలవాటు లేని మనిషికి దేనికి అడగాలో, దేనికి అక్కర్లేదో తెలియడం లేదు. మొదటి నెలలో పసిపిల్లలు అన్నిటికీ ఏడ్చినట్టే ఇది కూడా.

మౌనంగా ఉన్న రోజుల్లో ఇంట్లో ఒక సుఖం ఉండేది. ఈ మాట ఇక్కడ తప్ప ఎక్కడా అనను.

డిసెంబరు 22

నేను కూడా ఒకటి అడిగాను. "మేత పొద్దున్న నేనెయ్యనా, మీరేస్తారా?" ఆయన ముఖం ఎంత వెలిగిందో. "నువ్వే ఎయ్యి. నీ మాటే ఇంటాయవి" అన్నాడు. నన్ను చూసి చేపలు మూలకి రావడం ఆయన కూడా చూశాడన్నమాట.

మార్చి 6

జోగులు అనే ఆయనకి చేపలు ఇద్దామనుకున్నాం. తునిలో వ్యాపారం. వల మనుషుల్ని, ఐసు పెట్టెల్ని వేసుకుని వ్యానుతో వస్తాడు. రేపు రావాలి. ఇవాళే వచ్చేశాడు.

ఇవాళ నాకు నర్సీపట్నంలో మీటింగు. ఫోను మూగగా పెట్టి సంచిలో పడేశాను. బయటికొచ్చి చూస్తే వరసగా ఆయన కాల్స్. దుర్గకేమైందో, పిల్లకేమైందో అని తిరిగి చేస్తే ఎత్తలేదు. ఆటోలో నిలబడే వచ్చాను.

గట్టు మీద ఆయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. వ్యాను లేదు. వల లేదు. చెరువు నిండా చేపలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"ఏమైంది?"

"జోగులు వొచ్చేడు. ఒక రోజు ముందొచ్చేను, వలేసీమంటారా అన్నాడు. మా ఆవిడ్నడగాలన్నాను. నీకు సేస్తే ఎత్తలేదు. మద్దినేళ దాకా కూకున్నాడు. ఐసు కరిగిపోతంది, ఏదోటి సెప్పండన్నాడు. అడక్కుండా ఎలా సెప్పీగలనండీ అన్నాను. ఆడు నన్నో తిట్టు తిట్టి పాయకరావుపేట ఎల్లిపోయేడు."

"ఎలాగూ ఇద్దామనుకున్నాం కదా! రేపైతే ఏటి, ఇయ్యాలైతే ఏటి?"

"రేపంటే నువ్వు సరేనన్నావు. ఇయ్యాలంటే అనలేదు గదా."

తిడదామని నోరు తెరిచాను. ఎర్రటి ఎండలో అన్నం కూడా తినకుండా కూర్చున్నాడు. చెమటకి నీలం చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది, అది కూడా నన్నడిగే వేసుకున్నది. నా నోరు అలాగే ఉండిపోయింది, ముసురు రోజున చేపకి లాగ.

"లేవండి, అన్నం తిందురుగాని" అన్నాను.

మార్చి 9

ఇంకొక వ్యాపారికి చెబుదామా అంటే నీ ఇష్టమంటాడు. మీరే చెప్పండని నేనంటాను. కాదు నీ ఇష్టం. కాదు మీ ఇష్టం. చేపలు హాయిగా పెరుగుతున్నాయి.

మార్చి 12

అప్పయమ్మ వచ్చి ఇద్దర్నీ నిలబెట్టి చెప్పింది. "మీరు మాటాడుకోనప్పుడే మీ పనులు బేగి అయ్యేవి. ఎల్లుండి ఆదివారం. వల మనుషులకి నాను సెప్తాను. రోడ్డు పక్కనే అమ్మీదాం. నోరు మూసుకుని తూకం సూసుకోండి."

మార్చి 14

అమ్మాం! తెల్లారి వలేస్తే మధ్యాహ్నానికి అయిపోయాయి. చింత చెట్టు నీడన పట్టాలు పరిచి, ఆయన తూయడం, అప్పయమ్మ కొయ్యడం, నేను డబ్బు తీసుకోవడం. ప్రతి షేర్ ఆటో ఆగింది. బతికున్న చేప గంతులేస్తుంటే ఎవరు దాటి పోతారు. సోములు గారు కొయ్యూరు నుంచి వాళ్ల ఊరివాళ్లని తీసుకొచ్చారు, వాళ్ల చెరువులో రెండు పూటలా మేత పెడుతున్నారట. పిల్లి ఏదీ అని అడిగారు. లక్ష్మీదేవి గారు వచ్చి శీలావతిని రెండు చేతులతో ఎత్తి చూసి, "ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది" అన్నారు.

దుర్గ, అల్లుడు, మనవరాలు వచ్చారు. దుర్గ చెరువు చూసి, "చెట్లు లేకపోతే ఎలాగో ఉందమ్మా" అంది. ఆయన విన్నాడు. ఎలాగో ఉన్న మాట నిజం. అది మారదు.

ఏప్రిల్ 11

ఇవాళ టీ తాగుతూ అడిగాడు. "వరాలూ, ఇంటెనకాల నా వాటా జాగాలో ఇంకో సెరువు తవ్వనా? సేపపిల్లల్ని అందులో పెంచి ఇందులోకి మారుస్తే బాగుంటాది."

చాలా మంచి ఆలోచన. నాకు అంతకు ముందే వచ్చిన ఆలోచన కూడా.

"వద్దు" అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలుసు.

"సరే" అన్నాడు. గ్లాసు పెట్టేసి స్నానానికి వెళ్లాడు.

ఏప్రిల్ 12

తవ్వలేదు.

ఏప్రిల్ 13

ఇంటి వెనక్కి వెళ్లి చూశాను. గడ్డి ఎలా ఉన్నది అలాగే ఉంది. పొక్లెయిన్ అబ్బాయి నిన్న పనేమైనా ఉందా అని వస్తే, "మా ఆవిడొద్దంది బాబూ" అని పంపేశాడని అప్పయమ్మ చెప్పింది. ముఖం చిన్నబుచ్చుకోలేదా అని అడిగాను. లేదు, వాడికి టీ కూడా ఇప్పించాడు అంది.

ఏప్రిల్ 15

పొద్దున్న టీ ఇస్తూ, "తవ్వండి" అన్నాను.

ఆయన గ్లాసు పట్టుకుని నన్ను చూశాడు. "మరి మొన్న వద్దన్నావు?"

"సూద్దామని."

"ఏటి సూద్దామని?"

చెప్పలేదు. ఆయన టీ ఊదుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. సగం తాగాక తెలిసినట్టుంది, గ్లాసులోకి చూసుకుంటూ నవ్వాడు.

ఇప్పుడు లోతు ఎటు పక్కన పెట్టాలన్న దాని మీద దెబ్బలాట. ఆయన తూర్పంటాడు, నేను పడమరంటాను. నీళ్లు వాలేది పడమరకే, కళ్లున్న ఎవరైనా చెప్తారు. పొక్లెయిన్ అబ్బాయి నీడలో కూర్చుని రెండో టీ తాగుతున్నాడు.